కాలి బైపాస్ గ్రాఫ్ట్ మూసుకుపోయింది, కోత లేకుండా గడ్డ తీస్తామంటున్నారు: ఒప్పుకోవచ్చా?

నడకదారి
నాన్నకు కుడి కాలికి బైపాస్ చేశారు, గజ్జ దగ్గర నుంచి మోకాలి కింది వరకు. సొంత సిర సన్నగా ఉంది, పనికిరాదని గ్రాఫ్ట్‌గా కృత్రిమ గొట్టం వేశారు. రెండేళ్లకు పైగా హాయిగా నడిచారు. నిన్న ఉదయం లేచేసరికి పాదం చల్లబడి ఉంది, వేళ్లు తెల్లబడ్డాయి, పిక్కలో విపరీతమైన నొప్పి. రక్తం పారడం చూసే డాప్లర్ స్కాన్ చేసి గ్రాఫ్ట్ ఆ చివర నుంచి ఈ చివర వరకు గడ్డకట్టిందన్నారు. గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ ఎక్కుతోంది. ఒక డాక్టరు గజ్జ దగ్గర తెరిచి బెలూన్‌తో గడ్డ లాగేద్దామంటున్నారు. ఇంకొకరు రెండో కాలి గజ్జలో సూది గుచ్చి కాథెటర్ పంపి తీసేద్దాం, కోత అక్కర్లేదంటున్నారు. ఇద్దరూ ఒకే ఆసుపత్రివారే. నిర్ణయం మాకు వదిలేశారు, రేపు ఉదయానికి చెప్పమన్నారు. కోత లేదంటే అపాయమూ లేదనేనా? నాన్నకు డెబ్బై దాటాయి, షుగరు ఉంది. తెలిసినవారు చెప్పండి.

రాత్రి_డ్యూటీ
ముందు ఈ రెండు చూసి చెప్పండి. కాలివేళ్లు కదిలిస్తున్నారా? వేలి చివర తాకితే తెలుస్తోందా? ఇలాంటి రోగి వార్డులో ఉంటే గంటగంటకూ నేను చూసేవి ఇవే. వీటిలో ఏది తగ్గినా రేపు ఉదయం దాకా ఆగే ప్రశ్నే లేదు.

నడకదారి
వేళ్లు కదుపుతున్నారు. బొటనవేలి చివర మాత్రం మొద్దుగా ఉందంటున్నారు. నొప్పి నిన్నటికన్నా తగ్గింది.

రాత్రి_డ్యూటీ
నొప్పి తగ్గిందని నిశ్చింతగా ఉండకండి. మందుతో తగ్గవచ్చు, హెపారిన్ వల్ల గడ్డ పెరగడం ఆగి తగ్గవచ్చు, నరం దెబ్బతిని మొద్దుబారినా తగ్గుతుంది. ఈ మూడింటిలో ఏదో పైకి చూస్తే తెలియదు. బొటనవేలి సంగతి ఇప్పుడే డ్యూటీ డాక్టరుకు చెప్పండి, కేసు షీటులో రాయించండి. ఎన్ని గంటలకు మొదలైందో కూడా రాయించండి.

దూరపు_చుట్టం
వేడినీళ్ల సంచి పెట్టి పిక్క గట్టిగా మర్దన చేస్తే రక్తం కదలదా? కాలు చల్లబడితే మా ఇంట్లో అదే చేసేవాళ్లం.

రాత్రి_డ్యూటీ
వద్దు, రెండూ వద్దు! రక్తం అందని చర్మం వేడికి తట్టుకోలేదు. షుగరున్నవారికి పాదంలో స్పర్శ అసలే తక్కువ, కాలినా తెలియదు. మడమంతా బొబ్బలెక్కి వచ్చినవారిని చూశాను. మర్దన చేస్తే ఆకలితో ఉన్న కండరం మరింత నలుగుతుంది. కాలిని దిండ్ల మీద ఎత్తి పెట్టడమూ తప్పే. మంచానికి సమంగానో, కాస్త కిందికో ఉంచి, మడమ ఒత్తుకోకుండా చూసి, పలుచటి దుప్పటి కప్పితే చాలు.

కోత_కుట్టు
నేను రక్తనాళాల సర్జన్‌ని. కాలు చూడకుండా ఫలానాది చేయించుకోండి అని ఎవరికీ చెప్పను. మీ డాక్టర్లు ఏ లెక్కన ఆలోచిస్తున్నారో మాత్రం చెప్పగలను.

ఉన్నట్టుండి రక్తం ఆగిన కాలిని మేం రూథర్‌ఫర్డ్ వర్గీకరణతో కొలుస్తాం. ఒకటో మెట్టులో స్పర్శ, కదలిక రెండూ బాగుంటాయి, ఆలోచించడానికి వ్యవధి ఉంటుంది. రెండో మెట్టుకు రెండు భాగాలు. 'రెండు ఏ' అంటే వేళ్ల దగ్గర మాత్రమే స్పర్శ తగ్గింది, బలం తగ్గలేదు. 'రెండు బీ' అంటే మొద్దు పైకి పాకింది, ఊరికే ఉన్నా నొప్పి, వేళ్లు కదపడంలో బలం తగ్గింది. అక్కడ గంటలు లెక్కపెట్టుకుంటూ పనిచేయాలి. మూడో మెట్టులో కండరం బిగుసుకుపోయి ఉంటుంది, గడ్డ తీసినా కాలు దక్కదు. మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్న 'రెండు ఏ'లో ఉన్నట్టున్నారు. కాథెటర్‌కూ ఆపరేషన్‌కూ రెండింటికీ చోటున్న మెట్టు అది. అందుకే మీకు రెండు మాటలు వినబడుతున్నాయి. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

తీగమొన
కోత_కుట్టు గారి వైపు మాట విన్నారు, నా వైపుది నేను చెబుతాను. నేను ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుని, కాథెటర్ పనే నా పని.

మీ నాన్న ఎడమ గజ్జలో ధమనిని సూదితో గుచ్చి సన్నటి తొడుగు పెడతారు. అందులోంచి తీగను పొత్తికడుపులో మహాధమని రెండుగా చీలే చోటు మీదుగా కుడివైపుకు తిప్పి, గ్రాఫ్ట్ మొదలయ్యే చోటికి తెస్తారు. అసలు పరీక్ష అక్కడే. గడ్డ తాజాదైతే తీగ జారిపోతుంది, వేళ్లకు అడ్డే తెలియదు. పాతబడి గట్టిపడిన గడ్డైతే మొన వంగి వెనక్కి తిరుగుతుంది. తీగ దాటకపోతే మా దగ్గరున్న ఏ యంత్రమూ పనికిరాదు.

దాటాక దారులు చాలా ఉన్నాయి. గడ్డ పొడవునా చిల్లులున్న కాథెటర్ పరిచి, గడ్డ కరిగించే మందును, ఎక్కువగా ఆల్టెప్లేజ్‌ను, కొద్దికొద్దిగా వదలడం పాత పద్ధతి. ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు ఐసీయూలో ఉండాలి. పంపు బిగించిన కాథెటర్‌తో గడ్డను పీల్చేయడం ఇంకొకటి, ఇండిగో ఆ కోవలోది. రోటారెక్స్ తిరిగే యంత్రం. దాని తల నిమిషానికి 40,000 నుంచి 60,000 చుట్లు తిరుగుతూ గడ్డను ముక్కలు చేసి, పక్కనున్న కిటికీల్లోంచి లోపలికి లాక్కుని బయటి సంచిలోకి పంపుతుంది. సెలైన్‌ను మహావేగంగా వెనక్కి చిమ్మి, ఆ ఈడ్పుతో గడ్డను లాగే యాంజియోజెట్ కూడా ఉంది. వీటితో చాలాసార్లు ఒకే పూటలో పని ముగుస్తుంది, మందు అసలు వాడకుండానో, చాలా తక్కువ వాడో.

గట్టుమీద
నాకు తిరిగే యంత్రంతోనే చేశారు. మత్తు ఇవ్వలేదు, గజ్జ దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ మాత్రమే. బల్ల మీద పడుకుని తెర వైపు చూస్తూ ఉన్నాను. మొదట రక్తనాళం తెర మీద కనిపించే రంగు మందు కొట్టినప్పుడు తొడ దాకా నల్లటి గీత, అక్కడితో తెగిపోయింది. యంత్రం సన్నగా ఈల వేసినట్టు మోగింది, పక్కనున్న సంచిలో ముదురు ఎరుపు చిక్కగా పడుతోంది. మళ్లీ రంగు మందు కొట్టారు. ఈసారి గీత మోకాలు దాటి పాదం దాకా పాకింది. బల్ల మీద ఉండగానే పాదం వెచ్చబడటం తెలిసింది.

వంటింటి_కిటికీ
మా ఆయనకు మందు చుక్కల పద్ధతి. ఐసీయూలో రాత్రంతా వెల్లకిలా, కాలు వంచకూడదు, లేచి కూర్చోకూడదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన కదలకుండా నా మాట విన్న రాత్రి అదొక్కటే. నర్సులు గంటకోసారి గజ్జ చూసేవారు, పాదం మీద డాప్లర్ పెన్ను పెట్టి చప్పుడు వినేవారు, తలనొప్పి ఉందా అని అడిగేవారు. రక్తం తీసి ఫైబ్రినోజన్ చూసేవారు, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన పదార్థమట. అది బాగా పడిపోతే మందు తగ్గించాలట. తెల్లవారి యాంజియోగ్రామ్‌లో దారి తెరుచుకుంది. కానీ నడుంనొప్పితో ఆయన పడ్డ అవస్థ చూడలేకపోయాను. ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే మనసు సిద్ధంగా ఉండేది, అందుకే రాస్తున్నాను.

నడకదారి
తలనొప్పి ఎందుకు అడుగుతారు?

రాత్రి_డ్యూటీ
మందు కాలిలోని గడ్డను మాత్రమే కరిగించి ఊరుకోదు. కొంత ఒళ్లంతా తిరుగుతుంది. తలలో రక్తస్రావం మొదలైతే మొదటి సూచన తలనొప్పో, మాట తడబడటమో, మగతో. అవి కనిపిస్తే వెంటనే మందు ఆపేసి స్కాన్‌కు పంపుతాం.

లెక్కల_పుస్తకం
ఇక్కడ అందరూ బాగైన కథలే చెబుతున్నారు, అంకెలు కూడా చూద్దాం. 1994లో అమెరికాలోని రోచెస్టర్‌లో 114 మంది మీద చేసిన పరీక్షలో ఏడాది తర్వాత కాలు దక్కినవారు రెండు పద్ధతుల్లోనూ సమానమే, 82 శాతం. బతికి ఉన్నవారు మాత్రం మందు వైపు 84 శాతం, ఆపరేషన్ వైపు 58 శాతం. వయసు మళ్లినవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి పెద్ద ఆపరేషన్ ఎంత భారమో అందులో తెలుస్తుంది. కానీ 1998లో టోపాస్ అనే ఇంకా పెద్ద పరీక్ష, 544 మందితో, వచ్చింది. అందులో ప్రాణంలోనూ కాలి విషయంలోనూ తేడా కనిపించలేదు. పెద్ద రక్తస్రావం మందు వైపు 12.5 శాతం, ఆపరేషన్ వైపు 5.5 శాతం. తలలో రక్తస్రావం మందు వైపు 1.6 శాతం, ఆపరేషన్ వైపు ఒక్కరికీ లేదు. నడకదారి గారి ప్రశ్నకు సూటి జవాబు: కోత లేదు, అపాయం ఉంది.

తీగమొన
ఆ అంకెలు నిజమే, కాదనను. కానీ అవి గడ్డ కరిగించే పాత మందు యూరోకినేజ్‌ను గంటల తరబడి ఎక్కించిన రోజుల అంకెలు. పీల్చే, తిరిగే యంత్రాలు వచ్చాక మందు మోతాదూ తగ్గింది, వాడే గంటలూ తగ్గాయి. ఆ పాత 12.5 శాతాన్ని ఇప్పటి యంత్రం మీద రుద్దకూడదు.

లెక్కల_పుస్తకం
అలాగైతే ఈ యంత్రాలను ఆపరేషన్‌తో నేరుగా పోల్చిన టోపాస్ అంత పెద్ద పరీక్ష చూపండి. పాత లెక్క వర్తించదంటే సరిపోదు, కొత్త లెక్క కావాలి కదా.

తీగమొన
అంత పెద్దది చూపలేను. ఉన్నవి ఎక్కువగా వరుసగా వచ్చిన రోగుల ఫలితాలు. మీ పట్టుదల న్యాయమైనదే. కానీ రోగి ఈ రాత్రి మంచం మీద ఉన్నాడు. ఉన్న ఆధారంతోనే నిర్ణయించాలి.

కోత_కుట్టు
మీరిద్దరూ ఆగితే బెలూన్ గురించి చెబుతాను. టామస్ ఫోగార్టీ ఆ బెలూన్ కాథెటర్‌ను 1963లో ప్రచురించారు. అంతకు ముందు పెద్ద కోతలతో గడ్డ తీయాల్సి వచ్చేది. ఆ లెక్కన చూస్తే చిన్న కోతతో గడ్డ తీయడానికి ఆద్యుడు ఆయనే. ఊదని బెలూన్‌ను గడ్డ దాటించి, అక్కడ ఊది, మెల్లగా వెనక్కి లాగుతాం. పొడవాటి గడ్డ గ్రాఫ్ట్ అచ్చుపోసినట్టు ఒకే ముక్కగా వస్తుంది. కృత్రిమ గొట్టంలో ఇది చాలా శుభ్రంగా జరిగే పని, గంటలోపు కాలికి రక్తం అందుతుంది. పైగా అదే కోతలో, గొట్టాన్ని ధమనికి కుట్టిన అతుకు దగ్గరి ఇరుకును తెరిచి పట్టీ వేసి వెడల్పు చేయగలం. 'రెండు బీ' కాలికి నేను ఇప్పటికీ దీన్నే ఎంచుకుంటాను.

ఇబ్బంది ఎక్కడంటే, ఒకసారి కోసిన గజ్జను మళ్లీ కోయాలి. లోపలంతా మచ్చ కట్టి అతుక్కుని ఉంటుంది. షుగరున్నవారిలో పుండు త్వరగా మానదు, కృత్రిమ గొట్టానికి చీము పట్టిందంటే మొత్తం తీసేయాల్సి రావచ్చు. అది నేను భయపడే విషయం. మీ డాక్టరుగారిలో కాథెటర్ వైపు మొగ్గు ఉంటే కారణం బహుశా అదే.

పడమటి_గాలి
మా పెద్దనాన్నకు సొంత సిరతో చేసిన బైపాస్. మూసుకున్నది ఎప్పుడో ఎవరికీ తెలియదు, మెల్లగా నడక తగ్గిపోయి నెల గడిచాక చూపించారు. కాథెటర్‌తో ప్రయత్నించి దాటలేక మానేశారు. ఆ రాత్రి ఇంట్లో గొడవ, ఈ పద్ధతే మోసమని. అప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

కోత_కుట్టు
నెల గడిచిందంటే ఫలితం అలాగే ఉంటుంది. 1994 నాటి స్టైల్ పరీక్ష తేల్చిన ముఖ్యమైన మాట ఇదే: లక్షణాలు మొదలై 14 రోజుల లోపు అయితే మందుతో కరిగించడం మేలు, ఆ తర్వాత ఆపరేషన్ మేలు. ఆ పరీక్షలోనే గ్రాఫ్ట్ మూసుకున్న చాలామందిలో కాథెటర్‌ను గడ్డలో సరిగా పెట్టడమే కుదరలేదు. తిరిగే యంత్రం పాత గడ్డను కూడా కొంత తీయగలదు కానీ తీగ దాటితేనే.

ఇంకొకటి, సిర గ్రాఫ్ట్ బతికున్న కణజాలం. గడ్డ కట్టి రోజులు గడిస్తే లోపలి పొర చచ్చిపోతుంది. తెరిచినా మళ్లీ మూసుకుంటుంది. సిర గ్రాఫ్ట్ మూసుకోకముందే ఇరుకును పట్టుకోవాలని మేం మొత్తుకునేది అందుకే. కృత్రిమ గొట్టానికి ఆ పొర బెంగ లేదు. కానీ అది మూసుకున్నప్పుడు దెబ్బ హఠాత్తుగా పడుతుంది, గడ్డ కింది ధమనుల్లోకి కూడా పాకుతుంది.

తీగమొన
సిర గ్రాఫ్ట్ విషయంలో నేను అంత నిరాశగా లేను. వారం లోపు వస్తే, కింద పాదం దాకా ఒక్క మంచి ధమని మిగిలి ఉంటే, ప్రయత్నించి తీరాలి. సిర మళ్లీ దొరకదు. కానీ అందులో తిరిగే యంత్రాన్ని జాగ్రత్తగా నడపాలి, 3 మిల్లీమీటర్ల కన్నా సన్నటి చోట వాడకూడదు, గోడ చిరిగిపోయే ప్రమాదం ఉంది.

గట్టుమీద
నాకు యంత్రం పెట్టే ముందు కిడ్నీ రక్తపరీక్ష చేసి కాసేపు సెలైన్ ఎక్కించారు. అది అందరికీనా?

రాత్రి_డ్యూటీ
యాంజియోగ్రామ్ రంగు మందు కిడ్నీల మీద భారం, అందుకే క్రియాటినిన్ చూస్తారు. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పాలి, కిడ్నీలు మందగించి ఉంటే కొన్నాళ్లు ఆపిస్తారు. యాంజియోజెట్ వాడితే ఆ ఉరవడికి ఎర్ర కణాలు పగిలి మూత్రం ఎర్రగా, టీ డికాక్షన్ రంగులో వస్తుంది. చూసి హడలిపోతారు చాలామంది. నీళ్లు, సెలైన్ ఎక్కువ ఇచ్చి కడిగేస్తాం. కానీ నర్సుకు చూపించకుండా పారబోయకండి.

నడకదారి
అందరికీ దండాలు. బొటనవేలి విషయం చెప్పగానే పెద్ద డాక్టరు రాత్రే వచ్చి చూశారు. ఉదయం దాకా ఆగడం లేదు, ఇంకాసేపట్లో కాథెటర్ గదికి తీసుకెళ్తున్నారు. దాటకపోతే వెంటనే ఆపరేషన్ గదికి మారుస్తామని రెండింటికీ కలిపి సంతకం తీసుకున్నారు. వెళ్లే ముందు నేను ఇంకేం అడగాలి?

కోత_కుట్టు
రెండింటికీ కలిపి సంతకం తీసుకోవడం చాలా మంచి పద్ధతి. ఒక్కటే అడగండి: గడ్డ ఎందుకు కట్టింది, ఆ కారణాన్ని ఇప్పుడే సరిచేస్తారా?

గడ్డ తీయడం సగం పనే. గొట్టం ఊరికే గడ్డకట్టదు. నెలలోపు మూసుకుంటే చాలాసార్లు కుట్టులోనో, అమర్చిన తీరులోనో లోపం. నెల నుంచి రెండేళ్ల దాకా అయితే అతుకు దగ్గర లోపలి పొర మందంగా పెరిగి దారి ఇరుకవడం. రెండేళ్లు దాటితే పైన గానీ కింద గానీ సొంత ధమనుల్లో కొవ్వు జబ్బు ముదరడం. ఇవి కాక మాత్రలు ఆపేయడం, గుండె లయ తప్పడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం, రక్తంలోనే గడ్డకట్టే గుణం ఉండటం. గడ్డ తీసి, ఇరుకును వదిలేస్తే రేపో మాపో మళ్లీ అదే మంచం. గడ్డ మొత్తం పోయాక యాంజియోగ్రామ్‌లో ఇరుకు బయటపడుతుంది, దాన్ని అప్పటికప్పుడు బెలూన్‌తోనో స్టెంట్‌తోనో సరిచేయాలి. ఏ ఇరుకూ కనిపించకపోతే కారణం కోసం రక్తంలో, గుండెలో వెతకాలి.

తీగమొన
ఈ విషయంలో ఆయనతో నాకు ఏ పేచీ లేదు. నా గదిలో గడ్డ తీసేసరికి అందరూ ఊపిరి పీల్చుకుంటారు, నేను మాత్రం కింది అతుకును రెండు కోణాల్లో చూడనిదే బల్ల దిగనివ్వను.

పడమటి_గాలి
ఇది చదువుతుంటే ఒళ్లు మండుతోంది. మా పెద్దనాన్నకు మొదటిసారి వేరే చోట గడ్డ లాగి, అంతా బాగుందని ఇంటికి పంపారు. కారణం ఏమిటని మేం అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. రెండోసారి మూసుకున్నాకే అతుకు దగ్గర ఇరుకు ఉందని తెలిసింది. ఇంట్లోవాళ్లకు ఈ ప్రశ్న అడగాలని ఎవరు చెబుతారు?

రాత్రి_డ్యూటీ
ఇంటికి పంపే కాగితంలో మూడు సంగతులు రాసి ఉండాలి: ఎక్కడ ఇరుకు దొరికింది, దానికి ఏం చేశారు, పాదం దాకా ఎన్ని ధమనులు పారుతున్నాయి. లేకపోతే రాసి ఇమ్మని అక్కడే నిలబడి అడగండి. అది మీ హక్కు.

నడకదారి
బయటికి తెచ్చారు. తీగ దాటింది. తిరిగే యంత్రంతో గడ్డ తీశారు. మధ్యలో ఒక ముక్క జారి పిక్క కింద ధమనిలో ఇరుక్కుందట, దాన్ని సన్న కాథెటర్‌తో పీల్చి తీశారు. కింది అతుకులో ఇరుకు ఉందన్నారు, బెలూన్‌తో వెడల్పు చేశారు. పాదం వెచ్చబడింది. కానీ ఇప్పుడు పిక్క ఉబ్బింది. ఇది సహజమేనా?

కోత_కుట్టు
ముక్క జారడం ఈ పనిలో తెలిసిన ఇబ్బందే, వెంటనే పట్టుకున్నారు, మంచిది. ఆకలిగొన్న కండరానికి రక్తం తిరిగి అందితే కొంత వాపు వస్తుంది, మెల్లగా తగ్గుతుంది. కానీ పిక్క చెక్కలా గట్టిపడినా, వేళ్లను పైకి వంచితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య మళ్లీ మొద్దుబారినా, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా పిలవండి. కండరాల మీది పొర సాగదు, లోపల ఒత్తిడి పెరిగి రక్తం మళ్లీ ఆగిపోతుంది. అప్పుడు పొరను నిలువునా కోసి ఒత్తిడి తగ్గించాలి. అది జరిగితే కాథెటర్ పని చెడిందని కాదు. కాలు ఎక్కువసేపు ఆకలితో ఉందని అర్థం.

రాత్రి_డ్యూటీ
నాడి ఉంది కదా అని ధైర్యపడకూడదు ఇందులో. లోపల ఒత్తిడి పెరుగుతున్నా పాదం మీద నాడి చక్కగా కొడుతూనే ఉంటుంది. నొప్పినే నమ్మండి.

నడకదారి
మెత్తగానే ఉంది, వేళ్లు వంచితే మామూలు నొప్పే. బొటనవేలు తాకితే తెలుస్తోందంటున్నారు. పొద్దున్నే డాక్టరుగారు చూసి ఫరవాలేదన్నారు. ఇక మాత్రల సంగతి. ఆస్పిరిన్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా చేసే రివరాక్సబాన్ చిన్న మోతాదు కలిపారు. రెండూ కలిస్తే రక్తస్రావం కాదా?

లెక్కల_పుస్తకం
2020లో వచ్చిన వోయేజర్ పరీక్ష ఇదే. కాలికి బైపాస్ గానీ బెలూన్ గానీ చేయించుకున్న 6,564 మందిలో సగం మందికి ఆస్పిరిన్‌తో పాటు రివరాక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మిగతావారికి ఆస్పిరిన్‌తో పాటు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. మూడేళ్లలో కాలు హఠాత్తుగా మూసుకోవడం, కాలు తీసేయాల్సి రావడం, గుండెపోటు, పక్షవాతం, గుండె మరణం అన్నీ కలిపి 19.9 శాతం నుంచి 17.3 శాతానికి తగ్గాయి. రక్తస్రావం కొంత పెరిగింది. కాబట్టి మీ భయం నిరాధారం కాదు, డాక్టరు ఇచ్చినదీ నిరాధారం కాదు.

కోత_కుట్టు
నల్లటి విరేచనం, ఆగని ముక్కు రక్తం ఉంటే చెప్పాలి. అంతే గానీ పన్ను పీకించుకోవాలనో, ఇంకెవరో చెప్పారనో సొంతంగా ఆపకూడదు. మాత్రలు ఆపేసిన వారంలోపే గ్రాఫ్ట్ మూసుకుని వచ్చినవాళ్లను చూశాను. ఆపాల్సి వస్తే ముందు గ్రాఫ్ట్ వేసిన డాక్టరును అడగాలి. కొలెస్టరాల్ ఎలా ఉన్నా స్టాటిన్ వేసుకోవాలి.

దూరపు_చుట్టం
పొగతాగే అలవాటు ఉందా ఆయనకు? ఎవరూ అడగలేదు.

నడకదారి
ఉంది. బైపాస్ తర్వాత మానేశారు. ఈ మధ్య మళ్లీ మొదలుపెట్టారని అమ్మ ఇవాళే చెప్పింది.

కోత_కుట్టు
పొగతాగేవారిలో గ్రాఫ్ట్ మూసుకునే ప్రమాదం మూడింతలు. ఇది ఎన్నో పరీక్షలను కలిపి లెక్కగట్టిన మాట. మానేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది, ఇప్పుడు మానినా సరే. ఆయన మీద కోప్పడకండి. నికోటిన్ పట్టీలు, మాత్రలు ఉన్నాయి, ఇంటికి పంపకముందే మొదలుపెట్టమని అడగండి.

వంటింటి_కిటికీ
మా ఆయనా అంతే. మానుతానని అందరి ముందూ ఒప్పుకునేవారు, చాటుగా తాగేవారు. తిట్టినన్నాళ్లూ దాచారు. తిట్టడం మానేసి పట్టీలు తెచ్చి పెట్టాక మానారు.

నడకదారి
ఇంటికొచ్చాక డాప్లర్ ఎన్నాళ్లకోసారి?

తీగమొన
మొదటి ఏడాది 3, 6, 12 నెలలకు, ఆపైన కనీసం ఏడాదికోసారి. నేనైతే బెలూన్ చేసిన అతుకును నెల తిరిగాక కూడా ఒకసారి చూస్తాను.

కోత_కుట్టు
సిర గ్రాఫ్ట్‌కు ఆ లెక్క సరే. కృత్రిమ గొట్టానికి అంత తరచుగా డాప్లర్ చేస్తే మేలని గట్టి రుజువు లేదు. చాలాసార్లు ముందు పరీక్షలో ఏమీ కనబడకుండానే మూసుకుంటుంది. చేతి, చీలమండ రక్తపోటు పోల్చి చూడటం, నడక ఎంత దూరమో అడగడం, వీటితోనే నేను ఎక్కువ పట్టుకున్నాను.

తీగమొన
రుజువు తక్కువని ఒప్పుకుంటాను. కానీ గొట్టం మధ్యలో రక్తం వేగం సెకనుకు 45 సెంటీమీటర్ల కన్నా తగ్గిందంటే కృత్రిమ గొట్టమైనా మూసుకునే ప్రమాదం ఎక్కువని అర్థం. ఆ ఒక్క అంకె కోసమైనా డాప్లర్ చేస్తాను. ఈయనకు ఇరుకు ఒకసారి వచ్చింది, అదే చోట మళ్లీ రావచ్చు.

కోత_కుట్టు
ఈయన విషయంలో సరే, ఒకసారి ఇరుకొచ్చిన అతుకు కాబట్టి ఒప్పుకుంటున్నాను. నడకదారి గారూ, డాప్లర్ తేదీలు కాగితం మీద రాయించుకోండి. చీలమండ రక్తపోటు సూచీ, అంటే చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే వచ్చే అంకె, ఇవాళ ఎంత ఉందో అడిగి దాని పక్కనే రాసుకోండి. తర్వాతి పరీక్షలో అది 0.15 కన్నా ఎక్కువ పడిపోతే, ఆయనకు నొప్పి లేకపోయినా తీసుకెళ్లండి.

నడకదారి
0.86 అట. రాసుకున్నాను.